బరువెక్కిన నూనె

పోయిన వారం మనం ఖాతూన్‌బీని వాళ్ళ ఇంటి గూటి ముందర నిలబెట్టి వచ్చాం. మొగుడు బుడేన్ సాబ్ తలగుడ్డ కొసన ఒక ముడి, ఆ ముడిలో రెండు ఇత్తడి మరమేకులు. వాటిని ఆయనకు చెప్పకుండా తన కొంగున కట్టుకుంది. ఎందుకు కట్టుకుందో ఆమెకే తెలియదు. ఇరవై ఏళ్ళ కాపురంలో మొగుడు వేసుకున్న ముడి విప్పడం అదే మొదలు.

కొత్తచెరువు నూనె మిల్లులో రగులుతున్న సంగతి మీకు తెలిసిందే. రెండో నంబరు ట్యాంకులో వేరుశెనగ నూనె పోసి మూసి నెల దాటింది. రైలు వ్యాగను వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. అందులో నూనె ఎంతుందో చూడడానికి రెండు దారులు. గుమాస్తా జయరామయ్య నిచ్చెనెక్కి మూత తీసి కొలకర్ర దించుతాడు. బుడేన్ సాబ్ కింద గదిలో కూర్చుని గాలి గొట్టం చూస్తాడు. మొదట్లో రెండూ పది అడుగులే చెప్పాయి. తర్వాత ఏం పుట్టిందో, కర్ర పది దగ్గరే ఉండిపోయింది, గొట్టం మాత్రం రోజుకింత పైకి పాకి, వారం తిరిగేసరికి పది అడుగుల ఐదున్నర అంగుళాలు అయి కూర్చుంది. చుక్క పోయకుండా నూనె పెరుగుతుందా? ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారు. మిల్లంతా కొన్నాళ్ళు ఇద్దరి వైపూ చూసి, తర్వాత ఒకరి వైపే చూడడం మొదలుపెట్టింది. ఆ ఒకరు గుమాస్తా కాదని వేరే చెప్పాలా?

ఆ పొద్దు ఖాతూన్‌బీ సద్దిగిన్నె చంకన పెట్టుకుని రోజూకంటే ముందే మిల్లుకు వచ్చింది. ఎండ అప్పటికే గాజుపెంకులా మెరుస్తోంది. గేటు లోపల కాయలు చెరుగుతున్న తిరుపాలమ్మ చేట ఆపి ఆమెను కిందినుంచి పైదాకా చూసింది.

"ఏమే ఖాతూనూ, ఈ పొద్దు ఇంత బిరీన తెచ్చినావే? స్టేషన్లో పోలీసోళ్ళు కూడు పెట్టరని ఎవరన్నా చెప్పిరా?"

"నీ నోట్లో మన్ను పడ! ఏమయిందక్కా?"

"ఏమయింది? సెట్టే వచ్చినాడు. నీ మొగుణ్ణి గదిలో నిలబెట్టినారు. తిమ్మన్నను సైకిలేసుకోని స్టేషన్‌కు పోను సిద్ధంగా ఉండమన్యారు." తిరుపాలమ్మ గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. ఆయప్ప ఏమన్నా చేసినాడా?"

చేయలేదని అనాలి. కానీ నాలుగు రోజులుగా బుడేన్ సాబ్ అన్నం ముందర కూర్చుని మెతుకులు లెక్కబెడుతున్నాడు. పిలిస్తే ఉలిక్కిపడుతున్నాడు. నిన్న ఇంటికి వచ్చి, ఏం అడిగినా, "నీకెందుకు లేవే" అన్నాడు. ఎన్నడూ అనని మాట. దాని మీద ఈ మరమేకులు. ఖాతూన్‌బీ కొంగు ముడి తడుముకుని గది వైపు నడిచింది.

గది గుమ్మం దగ్గర పనివాళ్ళు గుంపు కట్టారు. ఆమెను చూసి దారి ఇచ్చారు. ఆ ఇచ్చిన తీరులోనే ఏదో చావుఇంటి మర్యాద ఉంది.

లోపల మిల్లు యజమాని నాగేశ్వరయ్య శెట్టి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బక్కపలచటి మనిషి, గట్టిగా మాట్లాడడం ఎరగడు. ఆయన గొంతు ఎంత తగ్గితే మిల్లులో అంత భయం. పక్కన జయరామయ్య, చెవిలో పెన్సిలు. గోడకు ఆనుకుని బుడేన్ సాబ్, చేతులు కట్టుకుని, చూపు నేల మీద.

గోడ మీద గాలి గొట్టం. నిలువుగా ఒక గాజు గొట్టం, అందులో పాదరసం, పక్కనే అడుగులూ అంగుళాలూ చెక్కిన ఇత్తడి బద్ద. కింద సైకిలు పంపులాంటి చేతి పంపు. అక్కడినుంచి సన్నటి రాగి గొట్టం గోడ దాటి, ట్యాంకు పైకెక్కి, లోపల అడుగు దాకా దిగుతుంది. పంపు కొడితే గాలి ఆ రాగి గొట్టంలోని నూనెను నెట్టుకుంటూ పోయి అడుగున బుడగలై తేలుతుంది. బుడగలు పడడం మొదలయ్యాక ఎంత కొట్టినా పాదరసం ఇంక ఎక్కదు. అది ఆగిన చోట బద్ద మీద ఏముంటే అంత నూనె. ట్యాంకుకు నాడి చూడడమని పనివాళ్ళు దానికి పేరు పెట్టారు.

"కొట్టు," అన్నాడు శెట్టి.

బుడేన్ సాబ్ పంపు కొట్టాడు. పాదరసం ఎక్కి, ఎక్కి, ఆగింది. జయరామయ్య వంగి చూశాడు.

"పది అడుగులు. సరిగ్గా."

"కర్ర?"

"పొద్దున నేనే దించితిని. పది అడుగులు."

శెట్టి కళ్ళు సగం మూసుకున్నాడు. "నిన్నటిదాకా ఐదున్నర అంగుళాలు ఎక్కువుండె కదప్పా. ఈ పొద్దు రెండూ ఒకటయిపోయినాయే? నూనెకు జరం వచ్చి తగ్గినాదా?"

గుమ్మంలో ఎవరో నవ్వబోయి మింగేశారు.

జయరామయ్య పంపు దగ్గరి చిన్న మర తిప్పి గాలి వదిలాడు. బుస్సుమంటూ గాలి పోయింది. పాదరసం దిగింది. సున్నా దగ్గర ఆగాలి. ఆగలేదు. చిటికెనవేలి గోరంత కిందికి పోయి నిలిచింది.

"చూస్తిరా సెట్టీ? గొట్టం మారలేదు. బద్ద పైకి జరిగింది." జయరామయ్య బద్ద కింది కొస దగ్గర వేలు పెట్టాడు. పాత సున్నం మీద బద్ద ఆనిన గీత, దాని కింద పాత మేకుల రంధ్రాలు రెండు, నల్లగా. ఇప్పుడు బద్దను పట్టుకున్నవి రెండు కొత్త ఇనుప మేకులు. "బొంబాయి కంపెనీవాళ్ళు ఇత్తడి మరమేకులు బిగించి పోయినారు. అవి యాడికి పోయినట్ల? ట్యాంకు మూత తాళంచెవి కూడా ఈ గదిలోనే మేకుకు వేలాడుతాండాది. ఈయన గొట్టాన్ని పాడు చేసి ఎక్కువ చూపించినాడు. తర్వాత ఆ ఎక్కువకు సరిపడా నూనె తీసుకుంటే ఎవరికి తెలుస్తాది? మన కండ్లు కర్ర మీద పడినాయని తెలిసి, రాత్రికి రాత్రి బద్ద జరిపినాడు."

శెట్టి తల ఎత్తలేదు. "మరమేకులు యాడ పెట్టినావు బుడేన్ సాబూ?"

బుడేన్ సాబ్ చేయి తలగుడ్డ కొసకు పోయింది. కొస ఖాళీగా ఉంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఖాతూన్‌బీకి అప్పుడు రెండు దారులు కనిపించాయి. ముడి విప్పకుండా ఇంటికి పోవచ్చు. లేదా విప్పవచ్చు. విప్పకపోతే మొగుడు దొంగో కాదో తనకు ఎప్పటికీ తెలియదు, జీవితమంతా ఆ మనిషి పక్కన కూర్చుని అనుమానంతో అన్నం కలపాలి. అది ఆమెకు స్టేషన్ కంటే భయమనిపించింది.

"ఇవిగో సెట్టీ," అని ముడి విప్పి బల్ల మీద పెట్టింది. ఇత్తడి మరమేకులు దొర్లి ఆగాయి. "మా ఇంట్లో దొరికినాయి. ఎందుకు తీసినాడో ఆయప్పనే చెప్పమనండి. నాగ్గూడా వినాలని ఉండాది."

"శభాష్," అన్నాడు జయరామయ్య. "పెండ్లామే పట్టిచ్చె."

బుడేన్ సాబ్ ఆమె వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"నేనే జరిపినా సెట్టీ," అన్నాడు మెల్లగా. "అల్లా తోడు, దొంగతనానికి కాదు. మా నాయన సంతలో తక్కెడ పట్టేటోడు. తక్కెడ ఒక పక్క వాలితే పారేయం కదా. తేలిపోయిన పక్క చింతగింజో రాయో కట్టి పాసంగం చేసుకుంటాము. ఇదీ అట్లనే వాలిందనుకొంటి. కర్ర తప్పు చెప్పదు, గొట్టమే తప్పుతాండాదని, రెండిటికీ సరి చేసినా. రోజూ రెండు మాటలు రాస్తే ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం పోతాది. నాకే పోతాదని భయం."

"కంపెనీవాళ్ళ మిషనుకు పాసంగం కట్టినావా?" శెట్టి గొంతు ఇంకా తగ్గింది. "అన్నం పెట్టే బద్దప్పా అది. తిమ్మన్నా!"

తిమ్మన్న గుమ్మంలోంచి "సెట్టీ" అన్నాడు. సైకిలు గంట చేతికి తగిలి టింగుమంది.

ఖాతూన్‌బీ మొగుణ్ణే చూస్తోంది. పాసంగం మాట విన్నప్పుడు ఆమె గుండెలో ఒక ముడి వదులయింది. ఆ పని ఈ మనిషే చేస్తాడు. ఇంట్లో తలుపు వంకరైతే గోడను చెక్కే రకం. కానీ వదులైన ముడి పక్కనే ఇంకొకటి బిగిసింది. బద్ద జరిపింది నిన్న. గొట్టం ఎక్కడం మొదలై వారం. అయితే గొట్టం ఎందుకు ఎక్కింది?

ఈ గొట్టం మిల్లుకు వచ్చిన నాటి సాయంకాలం ఆమెకు గుర్తుకొచ్చింది. బుడేన్ సాబ్ చిన్నపిల్లాడి సంబరంతో ఇంటికి వచ్చి, కడుగునీళ్ళ కాలవ గట్టున ఉన్న బొప్పాయి చెట్టునుంచి బోలు ఆకుకాడ ఒకటి కోసి, నీళ్ళ కడవలో ముంచి, ఊదమన్నాడు. పైపైన పెడితే బుడబుడమని వచ్చాయి బుడగలు. అడుగుకు దించితే దవడలు నొప్పి పుట్టాయి. "అదేనే మిషను," అన్నాడు. "లోతు ఎంతో దానికి తెల్దు. దాని నెత్తిన ఎంత బరువు కూచునిందో అదే తెలుసు. ఆ బరువును మనం అడుగులని చదువుకుంటాం."

దాని నెత్తిన ఎంత బరువు కూర్చుందో.

"సెట్టీ," అంది ఖాతూన్‌బీ. "ఒక్క మాట అడుగుతా. తర్వాత ఎవరినన్నా పిలిపించుకోండి."

"ఆడదానికి ఈ మిషను సంగతి..." అని జయరామయ్య మొదలుపెట్టాడు. శెట్టి వేలు ఎత్తి ఆపాడు.

ఆమె గుమ్మం వైపు తిరిగింది. "తిరుపాలమ్మక్కా! ఈ మిల్లులో డబ్బాలు మోసి మోసి నీ నడినెత్తి బట్టతలయింది కదా."

"నీ మొగుని సంగతి చూసుకోక, నా నెత్తి ఎందుకు ఇప్పుడు?" అంది తిరుపాలమ్మ, అయినా ముందుకు వచ్చింది.

"ఒకే కొలత డబ్బాలు రెండు. ఒకదాంట్లో నూనె, ఒకదాంట్లో నీళ్ళు. నిండా. నువ్వు ఏది ఎత్తుకుంటావు?"

"పిచ్చిదాన్లా అడుగుతావే. నూనెదే. నీళ్ళ డబ్బా మెడ ఇరుస్తాది." వెనక నిలబడిన ఆడవాళ్ళు నలుగురూ అవునవునన్నారు. "నూనె డబ్బా దించినంక కూడా మాట్లాడొచ్చు. నీళ్ళదయితే గస ఆగదు," అంది ఇంకొకామె.

"రెండూ నిండుగానే ఉండాయి కదక్కా. ఎత్తు ఒకటే. కర్ర పెడితే ఒకటే చెప్తాది."

"కర్రకేం తెలుసు? నా మెడకు తెలుసు."

నాగేశ్వరయ్య శెట్టి కుర్చీలో ముందుకు వంగాడు. ముప్పై ఏళ్ళుగా నూనెను డబ్బాల్లో పోయించి కాటా మీద పెట్టించినవాడు. డబ్బా నీళ్ళూ డబ్బా నూనే ఒక తూకం తూగవని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇన్నాళ్ళూ ఆ మాట ఈ గోడ మీది గొట్టం దగ్గరికి రాలేదు, అంతే.

"నువ్వనేది..."

"నూనె పెరగలేదు సెట్టీ. కర్ర చెప్పింది నిజమే, ఎత్తు అంతే ఉండాది. గొట్టం చెప్పిందీ నిజమే, బరువు పెరిగింది. ఎత్తు మారకుండా బరువు పెరిగిందంటే లోపల ఉండేది అంతా నూనె కాదు. ట్యాంకు అడుగున మడ్డి తీసే కొళాయి ఉండాది కదా. తిప్పి చూడండి."

బుడేన్ సాబ్ తల ఎత్తి భార్యను చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలు ఉంటుందనుకుంది ఆమె. లేదు. వద్దు అన్నట్లుంది. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

"అవసరం లేదు సెట్టీ," అన్నాడు జయరామయ్య గబగబా. "ఆ కొళాయి తుప్పు పట్టింది. విరిగితే నూనె అంతా నేలపాలు."

"విరిగితే నాది," అన్నాడు శెట్టి, లేచి నిలబడి.

తిమ్మన్న సైకిలు గోడకు ఆనించి పెద్ద స్పానరు తెచ్చాడు. ట్యాంకు కింద ఎండ పడని చోట అందరూ వంగి నిలబడ్డారు. కొళాయి కదలలేదు. తిమ్మన్న కాలు తన్నిపెట్టి, పళ్ళు కొరికి, ఇంకోసారి లాగాడు. కిర్రుమంది. ముందర నల్లటి మడ్డి ముద్దలు ముద్దలుగా పడింది. తర్వాత నురగ. ఆ తర్వాత తెల్లగా, పలచగా, సన్నటి ధార. నూనె అట్లా పడదు. నూనె మౌనంగా పడుతుంది. ఇది నేల మీద చప్పుడు చేసింది.

"నీళ్ళు!" అని అరిచింది తిరుపాలమ్మ.

రెండేళ్ళుగా వాన ఎరగని సీమ. ఆ అరుపుకు మిల్లు మిల్లంతా పరుగెత్తి వచ్చింది. ఎవరు తెచ్చారో, క్షణంలో కొళాయి కింద మూడు కడవలూ ఒక సత్తుతపేలా చేరాయి. దొంగతనం చూడడానికి వచ్చినవాళ్ళు కడవలు జరుపుకుంటూ పోట్లాడుకున్నారు. కడవ నిండింది. రెండోది నిండింది. ధార ఆగలేదు.

"వాన నీళ్ళు దిగుంటాయి సెట్టీ, మూత సందుల్లోంచి," అన్నాడు జయరామయ్య.

"వాననా?" శెట్టి మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు చూసి తిమ్మన్న ఒక అడుగు వెనక్కు వేశాడు. "ఏ ఊర్లో పడింది జయరామయ్యా వాన? చెప్పు, గొడుగు తీసుకోని పోతా."

జయరామయ్య చెవిలో పెన్సిలు తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఐదున్నర అంగుళాలు ఎక్కువ బరువుకు ఎన్ని అడుగుల నీళ్ళు కావాలో, అడుగు నీళ్ళకు అంగుళం చిల్లర చొప్పున, శెట్టి వేళ్ళ మీద వేసుకున్నాడు. ఐదు అడుగులు. సగం ట్యాంకు. ఎవరో పైనుంచి నూనె ముంచుకుంటూ, ముంచినంత నీళ్ళు పోస్తూ వచ్చారు. కర్రను నమ్మించారు. గాలిని నమ్మించలేకపోయారు.

"బుడేన్ సాబూ," అన్నాడు శెట్టి. "నువ్వే దొంగవైతే గొట్టం ఎక్కువ చూపిస్తాందని మొదట రోజే నా దగ్గరికి వచ్చి చెప్పవు. బద్ద జరిపింది నీ తెలివితక్కువతనం. అంతే. తిమ్మన్నా, సైకిలు లోపల పెట్టు."

ఖాతూన్‌బీ ట్యాంకు కాలికి ఆనుకుంది. తిరుపాలమ్మ ఆమె వీపు మీద ఒకటి చరిచి, "మొగుణ్ణి పట్టించిందీ నువ్వే, విడిపించిందీ నువ్వే. నీతో కాపురం కష్టమే," అంది. ఆడవాళ్ళు నవ్వారు. బుడేన్ సాబ్ నవ్వలేదు. స్టేషన్ తప్పిన మనిషి ముఖం కాదది.

శెట్టి దోసిలి పట్టి ధార కింద పెట్టాడు. పైన తేలిన నూనె ఊది, ఒక గుక్క నోట్లో పోసుకుని, ఉమ్మలేదు. మింగాడు. నొసలు ముడిపడ్డాయి.

"సప్పగుండాయి. మన మిల్లు బావి నీళ్ళు కావు. అవి ఉప్పు, బాయిలరు కూడా తాగదు. ఊర్లో ఏ బావీ ఈ ఎండలకు ఇట్లాంటి నీళ్ళు ఇస్తాండలేదు. నూనె కంటే నీళ్ళకే కరువున్న కాలంలో సగం ట్యాంకు మంచినీళ్ళు తెచ్చినాడంటే, వాడికి యాడో ఊట ఉండాది. ఆ ఊట యాడుండాదో తెలిస్తే దొంగ దొరికినట్లే. మీరంతా నెత్తిన నీళ్ళు మోసేటోళ్ళు. తాగి చెప్పండి, యాడివి?"

ఒకరి తర్వాత ఒకరు తాగారు. ఒకరు కణేకల్లు కాలవ నీళ్ళన్నారు, అంత దూరంనుంచి ఎవడు తెస్తాడని ఇంకొకరు తిట్టారు. నూనె వాసనకు ఏమీ తెలియడం లేదని తిరుపాలమ్మ ఉమ్మేసింది. కడవ ఖాతూన్‌బీ దగ్గరికి వచ్చింది.

ఆమె ఒక గుక్క తాగింది.

ముందు నూనె. తర్వాత చల్లదనం. మింగిన తర్వాత నాలుక కొసన రవంత ఇనుము రుచి, దాని వెనకాల ఏదో తీపి.

ఆ నీళ్ళతో పెరిగింది ఆమె. పీర్లగుట్ట కింద తన పుట్టింటి దొడ్లో, బండ సందున ఊరే బావి అది. ఆ చుట్టుపక్కల ఇంకే బావికీ ఆ రుచి లేదు. ఈ ఎండాకాలం అందులో నీళ్ళున్నది ఆ ఇంటివాళ్ళకే తెలుసు. తల్లీతండ్రీ పోయాక ఆ ఇంట్లో ఉన్నది ఒక్కడే. ఆమె తమ్ముడు జమాల్ బాషా. తన చేతుల మీద పెంచిన తమ్ముడు. జమాల్‌కు ఎద్దులబండి ఉంది, దాని మీద పీపా ఉంది. మిల్లు పనివాళ్ళకు తాగడానికి ఏటి చెలమ నీళ్ళు పోసే బేరం కుదిర్చి ఇచ్చింది తన మొగుడే. పీపా నిండుగా లోపలికి వస్తుంది. ఖాళీగా బయటికి పోతుంది. ఖాళీగానే పోతోందా అని ఎవరూ మూత ఎత్తి చూసింది లేదు.

ఆమె కడవ మెల్లగా కింద పెట్టింది.

శెట్టి ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. సరుకు చూసే చూపు. "నీకు తెలిసింది," అన్నాడు. "చెప్పమ్మా. నీ మొగుని మీద అనుమానం పూర్తిగా పోవాలంటే ఇంకొక్క మాట చాలు. యాడి నీళ్ళు ఇవి?"

ఆమె మొగుడి వైపు చూసింది. అప్పుడు అర్థమైంది, ఇంతకుముందు ఆయన కళ్ళలో కనిపించిన ఆ 'వద్దు' ఎందుకో. ఆయన కడవ ముట్టుకోలేదు. రుచి చూడనక్కరలేనివాడిలా దూరంగా నిలబడి ఉన్నాడు. ఎన్నాళ్ళనుంచి తెలుసు ఈ మనిషికి?

"సెట్టీ, ఈ నీళ్ళు..." అని ఆమె నోరు తెరిచింది.

"దాన్నెందుకు అడుగుతారు?" అన్నాడు బుడేన్ సాబ్. ముందుకు వచ్చి, తలగుడ్డ తీసి, మడిచి, శెట్టి కాళ్ళ దగ్గర పెట్టాడు. "దానికేమీ తెల్దు. నూనె తీసింది నేనే. నీళ్ళు పోసిందీ నేనే. తిమ్మన్నను సైకిలు తీయమనండి."